ఇథనాల్ చెరకు: బోదె కింద అంతా ఒకే రకం వేయొచ్చా? లంకల్లో రెల్లు దేనికైనా పనికొస్తుందా?

ఉండ్రాజవరం_రైతు:

అందరికీ నమస్కారమండి. మా బోదె (పిల్ల కాలువ) కింద చెరకు 140 ఎకరాల దాకా ఉంటుంది. వచ్చే జనవరి–ఫిబ్రవరి నాటుకి అంతా ఒకే రకం వేయమని ఫ్యాక్టరీ ఫీల్డ్‌మెన్ చెబుతున్నారు. చెరకు ఎలాగూ ఇథనాల్‌కే పోతుంది, ఒక్క రకమైతే నరుకుడు, లారీలు, గానుగ ఒక వరసలో నడుస్తాయని వాళ్ల మాట. పెద్దవాళ్లు మాత్రం తెగులు వస్తే అందరం ఒకేసారి పోతామంటున్నారు. ఎవరి మాట నిలుస్తుందో వివరంగా చెప్పండి. రకాలు మార్చాలంటే ఎన్ని వేయాలి, వాటిని ఏ వరసలో పెట్టాలి? ఇంకో సంగతి, గోదావరి లంకల్లో (నది మధ్య దిబ్బల్లో) పెరిగే రెల్లు గడ్డితో కలిపి ఇంధన చెరకు తయారు చేస్తారని విన్నాం. మా వాళ్లలో ఇద్దరికి లంక భూములున్నాయి, అక్కడ రెల్లే నాటేసి అమ్మితే కుదురుతుందా?

వంశావళి:

పెద్దవాళ్ల మాటే నిజమండి. కారణం చెరకు పెరిగే పద్ధతిలోనే ఉంది. వరికి గింజ వేస్తాం, చెరకుకి ముచ్చె నాటుతాం. ముచ్చె అంటే తల్లి గడలో ముక్క, అందులో తేడా ఏమీ ఉండదు. ఎకరాకు మూడు కళ్ల (మొలక వచ్చే మొగ్గల) ముచ్చెలు 16 వేలు చొప్పున 140 ఎకరాలకు 22 లక్షలు దాటతాయి. అన్నీ కలిపినా జన్యువుల లెక్కలో అది ఒక్క మొక్కే. గడను లోపల కుళ్ళబెట్టే ఎర్రకుళ్ళు తెగులు శిలీంధ్రంలో ఆ మొక్కను గెలిచే తెగ ఒకటి పుట్టిందంటే బోదె పొడవునా దానికి అడ్డు లేదు.

ఈ డెల్టాకి ఇది కొత్త కాదు. 1890ల చివర్లో ఎర్రకుళ్ళు గోదావరి చెరకును దారుణంగా దెబ్బతీసింది. దాని మీద పని చేయడానికే 1902లో సామర్లకోటలో ప్రభుత్వ చెరకు క్షేత్రం పెట్టారు. స్థానిక రకాలు తట్టుకోకపోతే మారిషస్ నుంచి వచ్చిన రకాలతో సాగు నిలబెట్టుకున్నారు. తర్వాత కోసీ 671 అనే రకం వచ్చింది, చక్కెర శాతానికి దాన్ని మించింది లేదన్నారు, కోస్తాలో అదీ ఎర్రకుళ్ళుకే పడిపోయింది. మొన్నమొన్న ఉత్తరప్రదేశ్‌లో కో 0238 కూడా ఇదే దారి పట్టింది. 2009లో విడుదలైన ఆ రకం పదేళ్లు తిరిగేసరికి రాష్ట్రం చెరకులో 80 శాతం దాటింది. సీఎఫ్ 13 అనే కొత్త తెగ ఎర్రకుళ్ళు దాన్ని పట్టుకున్నాక ప్రభుత్వమే ఆ రకం మానండని చెప్పాల్సి వచ్చింది.

రకాలు మారుస్తాం అనేవాళ్లు ఎక్కువగా జారేది పేర్ల దగ్గర. మూడు పేర్లుంటే మూడు రకాల రక్షణ ఉందనుకుంటారు. పేరు కాదు, తల్లిదండ్రుల్ని చూడాలి. కోసీ 671 అంటే క్యూ 63కి కో 775తో పుట్టింది. కో 86032 అంటే కో 62198కి ఆ కోసీ 671తో పుట్టింది. కో 0238 అంటే కోఎల్‌కే 8102కి మళ్లీ కో 775తో పుట్టింది. అంటే కో 775 ఒకదానికి తాత, రెండింటికి తండ్రి. ఆ కో 775లోకి జావాలో 1921లో సంకరం కట్టిన పీఓజే 2878 అనే రకం రక్తం వచ్చింది, మన కోస్తాలో ఒకప్పుడు ఏలిన కో 419లోనూ అదే ఉంది. దగ్గరి చుట్టాలన్నీ ఒకే తెగులుకి పడతాయని గ్యారంటీ ఏమీ లేదు, కో 86032 కోసీ 671 కంటే చాలా మెరుగ్గా నిలబడింది కూడా. అయినా మూడు రకాలు ఎంచుకునేటప్పుడు ఆ మూడూ అన్నదమ్ములు కాకుండా చూసుకోవడం చేతిలో ఉన్న పని. అనకాపల్లి పరిశోధన స్థానం వాళ్లని అడిగితే ఏ రకానికి ఎవరు తల్లీ ఎవరు తండ్రీ చెబుతారు. రకం పేరు మధ్యలో 'ఎ' ఉంటే అనకాపల్లిది, 'వి' ఉంటే ఉయ్యూరుది. 87ఎ298, 2003వి46 అలా వచ్చినవే.

అడగాల్సిన రెండో అంకె ఎర్రకుళ్ళు స్కోరు. నిలబడి ఉన్న గడకు కణుపుల మధ్య చిన్న రంధ్రం చేసి శిలీంధ్ర బీజాల ద్రవం పోసి, 60 రోజులకు గడ చీల్చి 0 నుంచి 9 దాకా మార్కు వేస్తారు. 2 లోపు వస్తే తట్టుకునే రకం, 4 లోపు ఒక మోస్తరు, 6 దాటితే మన కోస్తాలో దాని జోలికి పోకపోవడమే మంచిది. ఏ తెగ మీద పరీక్షించారో, ఏ సంవత్సరం స్కోరో తప్పనిసరిగా అడగండి. పదేళ్ల కిందటి మార్కుకి ఇవాళ విలువ లేదు, శిలీంధ్రం ఈలోగా మారి ఉంటుంది.

విత్తన_తోట:

పై మాటకి చేలో చేయాల్సిన పని కలుపుతాను.

140 ఎకరాలకు మూడు రకాలు చాలు, ఒక్కోటి 45–50 ఎకరాలు. ఆరేడు రకాలు పెడితే విత్తనం కలిసిపోతుంది, ఏ చేలో ఏముందో రెండేళ్లకి ఎవరూ చెప్పలేరు. ముందుగా పక్వానికొచ్చేది ఒకటి, మధ్యకాలంది ఒకటి, ఆలస్యంగా వచ్చేది ఒకటి ఉంటే నరుకుడు కూడా నవంబరు నుంచి మార్చి దాకా సర్దుకుంటుంది. ఫీల్డ్‌మెన్‌కి ఈ మాట చెప్పండి, లారీల సమస్యకి జవాబు ఇందులోనే ఉంది. 140 ఎకరాలూ ఒకే వారం పక్వానికొస్తే వాళ్ల గానుగే అందుకోలేదు. ఎండిన గడలో చక్కెర విరిగిపోయి బరువూ పోతుంది.

డెల్టాలో అసలు ప్రమాదం నీళ్లు. పై చేలో నుంచి కింద చేలోకి నీరు పారించుకునే అలవాటు ఉన్నచోట ఎర్రకుళ్ళు నీళ్లతోనే దిగుతుంది. అందుకని స్కోరు అన్నిటికంటే బాగున్న రకాన్ని బోదె మొదట్లో పెట్టండి, బలహీనమైనది చివర. తిరగేసి పెడితే పైన ఒక్క దుబ్బు కుళ్ళినా దాని కడుగు నీరు కింద చేలన్నిటికీ వెళ్తుంది. మురుగు నీటిని మళ్లీ తూములోకి ఎక్కించే పని అసలు పెట్టుకోవద్దు. ఒక చేనికి ఒకే రకం, గట్టు దాటాక ఇంకో రకం.

విత్తనం సంగతి మీదే చాలావరకు ఆధారపడి ఉంది. ఫ్యాక్టరీకి పోయే పన్నెండు నెలల తోటలోంచి ముచ్చెలు కొట్టొద్దు. జనవరి నాటుకి జూన్‌లో వేరేగా విత్తనపు తోట వేసి ఏడు నెలల వయసులో కొట్టాలి. ఎకరం విత్తనపు తోట దాదాపు పదెకరాలకు వస్తుంది కాబట్టి మీకు 14 ఎకరాలు కావాలి, రకానికి అయిదేసి ఎకరాలు అనుకోండి. కొట్టే ముందు చేను నాలుగు మూలలూ నడుమా కలిపి ఓ యాభై గడలు నిలువునా చీల్చి చూడండి. లోపల ఎరుపు, ఆ ఎరుపులో అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన సారా వాసన ఉంటే ఎర్రకుళ్ళే. ఒక్క గడలో కనబడినా ఆ తోట మొత్తం విత్తనానికి పనికిరాదు. 'పాడైన దుబ్బులు తీసేసి మిగతావి వాడదాం' అనే చోటే ఊళ్లు మునిగిపోతున్నాయి. బయటికి బాగున్న గడలో కూడా శిలీంధ్రం కళ్ల దగ్గర నిద్రపోతూ ఉంటుంది.

కార్బెండజిమ్ లీటరుకు అర గ్రాము కలిపి 15 నిమిషాలు ముంచడం మంచి అలవాటే. అది ముచ్చె కోసిన చోట పట్టే అనాసకుళ్ళును బాగా ఆపుతుంది, పైన అంటుకున్న బీజాలను చంపుతుంది. లోపలికి దిగిన ఎర్రకుళ్ళును మాత్రం తీయలేదు, బెరడు దాటి మందు అంత లోతుకి పోదు. మందులో ముంచాం కదా అని అనుమానపు విత్తనం నాటొద్దు. మొదటి దశ విత్తనానికి 50 డిగ్రీల వేడి నీళ్లలో రెండు గంటలు ఉంచే పద్ధతి ఉంది, అది కార్శి (నరికిన దుబ్బు నుంచి మళ్లీ పెరిగే పంట) కుంగిపోయే తెగులుకి బాగా పని చేస్తుంది. వేడి అదుపు తప్పి పెరిగితే కన్ను దెబ్బతింటుంది, అందుకని ఇంట్లో డ్రమ్ములతో ప్రయత్నించకుండా సదుపాయం ఉన్నచోటే చేయించండి.

కొత్త రకం కొద్దిగానే దొరికితే మూడు కళ్ల ముచ్చెలు వద్దు, కన్ను చెక్కి ట్రేల్లో పెంచండి. గడకు మంచి కళ్లు పదిహేను వస్తాయి. అయిదడుగుల సాలు, మొక్కకీ మొక్కకీ రెండడుగులు పెడితే ఎకరాకు 4,400 మొక్కలు చాలు, అంటే 300 గడలు. మొలవనివి పోతాయి కాబట్టి 350 పెట్టుకోండి. కొబ్బరి పొట్టు నింపిన 50 గుంటల ట్రేల్లో 25–30 రోజుల్లో నాటుకి వస్తాయి. పొట్టు బాగా మగ్గి ఉండాలి, పచ్చి పొట్టులో మొలక పసుపెక్కి ఆగిపోతుంది.

ఎక్కడైనా తెగులు కనబడితే ఆ దుబ్బు వేళ్లతో పెకిలించి కాల్చేసి, ఆ చేను కార్శి వదలకుండా వరి వేసేయండి. నిలవ నీటిలో ఈ శిలీంధ్రం ఎక్కువ కాలం బతకలేదు. మెట్ట ప్రాంతాలకు లేని ఈ సదుపాయం డెల్టాకి ఉంది, దాన్ని వాడుకోవాలి.

ఉండ్రాజవరం_రైతు:

చాలా వివరంగా చెప్పారండి. ఒక అనుమానం. మూడు రకాలంటే ఫ్యాక్టరీవాళ్లు రికవరీ (చెరకు నుంచి తేలే చక్కెర శాతం) పడిపోతుందంటారు. ఇథనాల్‌కి ఏ గుణం ఉన్న చెరకు కావాలి అసలు?

డిస్టిలరీ_పని:

ఇక్కడ ఫ్యాక్టరీ వాదన ఇంకా బలహీనమండి. చక్కెర చేసేటప్పుడు రసంలో సుక్రోజ్ మాత్రమే గింజ కడుతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువైతే గింజ కట్టనివ్వకుండా మడ్డిలోకి (మొలాసిస్‌లోకి) లాగేస్తాయి, అందుకే ప్యూరిటీ (రసంలో కరిగినవాటిలో సుక్రోజ్ వాటా) చూస్తారు. ఈస్టుకి ఆ తేడా లేదు, మూడింటినీ సారాగా మార్చేస్తుంది. లెక్క ప్రకారం కిలో సుక్రోజ్‌కి 0.68 లీటరు ఇథనాల్ రావాలి. నష్టాలన్నీ పోను టన్ను చెరకు రసం నుంచి 70 లీటర్ల దరిదాపుల్లో వస్తుంది. కాబట్టి నేరుగా రసం నుంచి ఇథనాల్ తీసేచోట ప్యూరిటీ కొంచెం తక్కువని పక్కన పెట్టిన రకాలు కూడా పనికొస్తాయి. రకాలు ఎంచుకునే చోటు పెరగాలి, తగ్గకూడదు. మడ్డి నుంచి తీసేచోట మాత్రం ముందు చక్కెర చేస్తారు కాబట్టి ప్యూరిటీ మాట చెల్లుతుంది. మీ ఫ్యాక్టరీ ఏ దారిలో చేస్తుందో అడిగి తెలుసుకోండి.

ఇంధన చెరకు అంటే అది వేరే జాతి లెక్క. మామూలు చెరకులో పీచు 12–15 శాతం, ఇంధన చెరకులో 20 దాటుతుంది, తీపి తగ్గుతుంది. పీచు 14 ఉంటే సగం తడితో పిప్పి టన్నుకి 290 కిలోల దాకా వస్తుంది, 20 ఉంటే 400 దాటుతుంది. బాయిలర్‌కి పండగే, కరెంటు అమ్ముకోవచ్చు. కానీ మామూలు చెరకు కోసం కట్టిన రోలర్లకి అంత పీచు వస్తే గంటకి ఆడే టన్నులు పడిపోతాయి, పిప్పిలో మిగిలే చక్కెర పెరుగుతుంది. రైతు వైపు ఇబ్బంది ధర. కేంద్రం ప్రకటించే ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రైతుకి ఇవ్వాల్సిన కనీస ధర) 10.25 శాతం రికవరీకి కట్టి ఉంటుంది. పీచు చెరకు వేస్తే ఆ లెక్కలో రైతుకే దెబ్బ. బరువు మీద, అందులోనూ ఎండు బరువు మీద ధర రాసిన ఒప్పందం చేతికి రాకుండా ఇంధన చెరకు నాటొద్దు.

గడ్డి_సాగు:

ఇంత తలనొప్పి దేనికండి, లంకల్లో సూపర్ నేపియర్ వేసి బయోగ్యాస్ ప్లాంటుకి ఇస్తే ఏడాదికి అయిదారు కోతలు వస్తాయి కదా?

వంశావళి:

రావచ్చు, కానీ వైవిధ్యం విషయంలో అది చెరకు కంటే ఇరుకు. నేపియర్‌లో 28 క్రోమోజోములు, సజ్జలో 14, రెండూ కలిపి కట్టిన సంకరంలో 21 ఉంటాయి. బేసి జత కాబట్టి గింజ కట్టదు, ముచ్చె నాటడం తప్ప దారి లేదు. ఎక్కడ చూసినా ఒకటో రెండో మొక్కల నకళ్లే. వేరే పంటగా వేసుకోండి, చెరకుకి జవాబు అనుకోవద్దు. పైగా పచ్చిగడ్డి దూరం మోయడానికి గిట్టదు, ప్లాంటు దగ్గర్లో ఉంటేనే.

ఇప్పుడు రెల్లు సంగతి, నాకు ఇష్టమైనది. మీ లంకల్లో వానాకాలం పోయాక తెల్లగా పూసే ఆ రెల్లు చెరకుకి మేనత్త వరస. 1912లో కోయంబత్తూరులో వెల్లై అనే లావు చెరకును తల్లిగా, అక్కడి రెల్లును తండ్రిగా పెట్టి కట్టిన సంకరం నుంచే కో 205 వచ్చింది, 1918లో పంజాబు రైతుల చేతికి వెళ్లింది. చెరకు శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్ గార్ల పని అది. అందులో ఒక వింత ఉంది. మామూలుగా తల్లి సగం, తండ్రి సగం క్రోమోజోములు ఇవ్వాలి. ఈ కలయికలో తల్లి చెరకు తన 80 క్రోమోజోములూ ఇచ్చేస్తుంది, రెల్లు తన 64లో సగం 32 ఇస్తుంది. కో 205లో 112 ఉండటానికి కారణం ఇదే. ఆ పుట్టిన పిల్లని మళ్లీ మళ్లీ తీపి చెరకుతో కడుతూ పోతే చక్కెర రకాలు వచ్చాయి. ఇవాళ మనం నాటే రకాల్లో రెల్లు వాటా 10–20 శాతం మధ్య మిగిలింది, పిలకలు వేయడం, కార్శి బాగా రావడం, తెగుళ్లు తట్టుకోవడం ఆ వాటా పుణ్యమే. తిరిగి కట్టడం ఒకటి రెండు మెట్ల దగ్గరే ఆపేస్తే ఇంధన చెరకు. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ ఎస్‌బీఐఈసీ అనే పేరు వరుసలో అలాంటివి తయారు చేస్తోంది.

బాధాకరమైన విషయం ఏమిటంటే ప్రపంచంలో చెరకు రకాలన్నిటిలో ఉన్న రెల్లు రక్తం ఎక్కువ భాగం రెండు చోట్ల నుంచే వచ్చింది: కోయంబత్తూరు రెల్లు, జావా రెల్లు. రెల్లు జాతిలో క్రోమోజోములు 40 నుంచి 128 దాకా మారుతాయి, అంత తేడా ఉన్న జాతిలో మనం వాడుకున్నది గుప్పెడు. వారాల తరబడి వరద నీటిలో ఉండి మళ్లీ చిగురించే గోదావరి లంక రెల్లులో ముంపు తట్టుకునే గుణం ఉంది. డెల్టా చెరకుకి కావాల్సింది అదే.

అలాగని పొలంలో మాత్రం నాటొద్దు. సన్నటి, బెండు నిండిన కాండం, టన్నులు రావు. భూమి లోపల పాకే కాండాలతో పక్క వరి చేలోకి వస్తుంది, తర్వాత వదిలించుకోవడం నరకం. మీరే సంకరం కడదామన్నా కుదరదు: రెల్లు ముందు పూస్తుంది, చెరకు తర్వాత పూస్తుంది, పుప్పొడి విడుదలైన కాసేపటికే చస్తుంది. పగటి వెలుతురు గంటలు మార్చి రెండింటినీ ఒకేసారి పూయించే ఏర్పాటు కోయంబత్తూరులో ఉంది. ఆ పైన కూడా సంకరం నుంచి విడుదల దాకా పది పన్నెండేళ్లు.

రైతులు చేయగలిగిన విలువైన పని నమూనాలు అందించడం. వరద తీశాక నవంబరు–డిసెంబరులో, పూత ఉండగా గుర్తుపట్టి, ఒక్కో లంక నుంచి మూడు నాలుగు దుబ్బుల దగ్గర వేరుతో ఉన్న ముక్కలు తీయాలి. దుబ్బుకీ దుబ్బుకీ కనీసం 50 మీటర్ల దూరం ఉండాలి, లేకపోతే ఒకే మొక్క పాకిన భాగాలే రెండుసార్లు తీసినట్టవుతుంది. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు, కాండం రంగు, ఎత్తు, ఆ చోటు ఎన్ని రోజులు మునిగిందో రాసి కట్టండి. వీటిని సొంత చేలో తెచ్చి పెట్టుకోవద్దు, చెరకుకి పట్టే మొజాయిక్ తెగులు రెల్లు మీదా ఉంటుంది. అనకాపల్లికి గానీ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి గానీ ముందుగా ఫోను చేసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో ఇవ్వాలి. వాళ్లు దానికి జాతీయ నంబరు ఇచ్చి దాస్తారు. లంక ప్రభుత్వ భూమైతే తవ్వడానికి ముందు రెవెన్యూవాళ్లకి చెప్పండి. నది ఒడ్డున ఉన్న రెల్లు పట్టీని దున్నించకండి, గట్టు కోసుకుపోకుండా కాసేదీ అదే, ఈ జన్యువులు బతికి ఉండేదీ అక్కడే.

ఉండ్రాజవరం_రైతు:

ధన్యవాదాలండి. చివరగా ఒకటి: మూడు రకాలూ ఒకే చేలో సాలు మార్చి సాలు వేస్తే తెగులుకి ఇంకా అడ్డు కదా?

విత్తన_తోట:

శాస్త్రంగా అడ్డే, సాగుగా కుదరదండి. మూడూ ఒకే రోజు నరకాలి, అప్పటికి ఒకటి ముదిరి చక్కెర విరుగుతుంది, ఇంకోటి పచ్చిగా ఉంటుంది. ఎత్తుగా పెరిగేది పక్క సాలును నీడలో పడేస్తుంది. పైగా ఆ చేను మళ్లీ విత్తనానికి పనికిరాదు, ఏ గడ ఏ రకమో కన్ను ఆకారం, ఆకు తొడుగు మీది నూగు చూసి విడదీయడం కూలీలతో జరిగే పని కాదు. గట్లే హద్దుగా ఉంచండి.

తేదీలు మరిచిపోవద్దు. మూడు రకాల విత్తనానికి అనకాపల్లికీ ఫ్యాక్టరీకీ మార్చిలోపు రాసివ్వండి. విత్తనపు తోటకి దాళ్వా (రబీ) వరి కోసిన చేను ఎంచుకోండి, కిందటి ఏడు చెరకున్న చేను వద్దు. ఏప్రిల్–మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు దున్ని ఎండబెట్టి, జూన్‌లో కాలువ నీళ్లు వదలగానే బోదె మొదటి తూము కింద నాటేయండి, పై నుంచి ఎవరి చేను నీరూ అందులోకి రాకుండా.